ఆరు గంటలా, ఇరువదినాలుగు గంటలా?

వైద్యములో తొందర ఎల్లప్పుడును మేలే చేయునా? గుండెపోటు వచ్చినవానికిని, మెదడులోని రక్తనాళము మూసుకొనిపోయినవానికిని ప్రతి నిమిషమును విలువైనదే. ఈ సంగతి నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులకు గూడ తెలియును. కడుపులో రక్తము కారుచున్న రోగి విషయమున గూడ ఇట్లే ఉండునని తోచుట సహజము. చెరువుకట్టకు గండి పడినప్పుడు ఎంత త్వరగా పూడ్చినచో అంత నీరు నిలుచును గదా!

ఈ సహజమైన ఊహను పరీక్షకు పెట్టిన పరిశోధన వ్యాసమొకటి 2020 ఏప్రిల్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అను అమెరికా వైద్య పత్రికలో వెలువడినది. హాంగ్‌కాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్స్ లౌ, ఆయన సహచరులు దాని కర్తలు. జీర్ణనాళపు పైభాగమున రక్తస్రావము కలిగినప్పుడు అంతర్దర్శినిని ఏ వేళకు ప్రయోగింపవలెను అనునది దాని విషయము. సరిగా చదివినవారికి ఈ వ్యాసము వైద్యమునే గాక శాస్త్రీయ విచారణ పద్ధతిని గూడ నేర్పగలది. తొందరపడి చదివినవారిని మాత్రము అది పెడదారి పట్టింపగలది. ఆ పెడదారిలో ప్రాణహాని గూడ కలదు. అందుచేత దాని బలమెంత, హద్దులెక్కడ అను రెండు సంగతులను విడివిడిగా తూచిచూచుట అవసరము.

వ్యాధి, సాధనము

అన్నవాహిక, జీర్ణాశయము, చిన్నప్రేవుల మొదటి భాగమైన ఆంత్రమూలము – ఈ మూడింటిలో ఎక్కడ రక్తము కారినను దానిని జీర్ణనాళపు పైభాగపు రక్తస్రావ మందురు. రోగి రక్తము కక్కుకొనును. లేదా కాఫీపొడి కలిపినట్లు నల్లగా వాంతి చేసికొనును. లేదా మలము తారువలె నల్లగా, జిగటగా వెలువడును. రక్తములోని హెమోగ్లోబిన్ జీర్ణనాళములో మార్పు చెందుటయే ఈ నలుపునకు కారణము. ఈ రక్తస్రావమునకు ముఖ్యమైన మూలము జీర్ణాశయములోగాని ఆంత్రమూలములోగాని ఏర్పడు పుండు. హెలికోబాక్టర్ పైలోరి అను బాక్టీరియా, ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు – ఈ రెండును పుండ్లకు ప్రధాన కారణములు. పుండు లోతునకు పోయి ధమని గోడను తినివేసినప్పుడు రక్తము చిమ్ముకొని వచ్చును. కాలేయము గట్టిపడిన రోగులలో అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బి పగులుట మరియొక కారణము.

ఈ చోట్లను కన్నులతో చూచుటకు ఉపయోగపడు సాధనమే ఎండోస్కోపు, అనగా అంతర్దర్శిని. 1868లో జర్మనీ వైద్యుడు కుస్మౌల్ కత్తులు మ్రింగు గారడివాని గొంతులోనికి నిటారైన గొట్టమును దింపి జీర్ణాశయమును చూడ ప్రయత్నించెను. మామూలు రోగి అట్టి గొట్టమును మ్రింగగలడా? వంగెడు సాధనము కావలసి వచ్చినది. సన్నని గాజు నూలుపోగుల కట్టగుండా ప్రతిబింబమును వంపులు తిప్పి పంపవచ్చునని 1954లో లండనులో పనిచేయుచుండిన హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ చూపిరి. అదే సూత్రముపై అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ 1957లో వంగెడు అంతర్దర్శినిని ప్రదర్శించెను. నేటి సాధనములలో గాజుపోగులకు బదులు కొనయందే చిన్న కెమెరా ఉండును.

చూచుటకే గాక చికిత్సకు గూడ ఈ గొట్టము దారి ఇచ్చును. దానిలోని సన్నని సొరంగముగుండా సూదిని పంపి పుండు చుట్టును పలుచని అడ్రినలిన్ ద్రావణమును ఎక్కింతురు. వేడికొనతో రక్తనాళమును అదిమి కాల్తురు. లేదా చిన్న లోహపు క్లిప్పుతో నాళమును నొక్కిపెట్టుదురు. ఉబ్బిన సిరలకైనచో రబ్బరు కట్లు వేయుదురు.

చూచుట వేరు, బాగుచేయుట వేరు

లౌ వ్యాసము యొక్క విలువ తెలియవలెనన్నచో దానికి ముందు నడచిన కథ కొంత తెలియవలెను. 1981లో అమెరికాలో పీటర్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించిరి. ప్రథమ చికిత్సతో రక్తస్రావము ఆగిన 206 మంది రోగులను వారు తీసికొని, కొందరికి వెంటనే అంతర్దర్శినితో పరీక్ష చేసిరి. తక్కినవారికి అట్లు చేయలేదు. రెండు వర్గముల ఫలితములలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. పుండు ఎక్కడ ఉన్నదో తెలిసికొన్నంత మాత్రమున రోగికి మేలు కలుగలేదన్నమాట.

ఆ కాలమున ఆ సాధనము ముఖ్యముగా చూచుటకే ఉపయోగపడెను. తరువాతి పది సంవత్సరములలో సూది, వేడికొన, లేసరు మొదలగు చికిత్సలు వచ్చినవి. 1992లో కెనడాకు చెందిన డెబొరా కుక్, ఆమె సహచరులు అట్టి 30 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కించినప్పుడు అంతర్దర్శిని చికిత్స వలన మరల రక్తము కారుట, శస్త్రచికిత్స అవసరపడుట, మరణము – ఈ మూడును తగ్గినట్లు తేలినది. ఈ మేలు అందరికిని సమానముగా దక్కలేదు. రక్తము కారుచుండగా చూచిన పుండ్లకును, అడుగున రక్తనాళము బయటపడిన పుండ్లకును దక్కినది. అడుగున చదునైన రంగు మచ్చలు గాని, అతుకుకొన్న రక్తపుగడ్డ గాని ఉన్న పుండ్లకు దక్కలేదు.

ఇక మిగిలిన ప్రశ్న కాలమును గూర్చినది. చికిత్స మేలు చేయునని తేలినది గనుక ఎంత త్వరగా చేసిన అంత ఎక్కువ మేలు జరుగవలెను గదా? ఆసుపత్రుల రికార్డులను బట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము. ఎక్కువ ప్రమాదములో ఉన్న రోగినే వైద్యుడు ముందు చూచును. అట్టివారిలో మరణములు ఎక్కువగానే ఉండును. అప్పుడు ఆ మరణములు తొందరవలన కలిగినవా, రోగ తీవ్రతవలన కలిగినవా అనునది రికార్డులు చూచి విడదీయుట సాధ్యము కాదు. నిప్పంటుకొన్న ఇండ్లకే అగ్నిమాపక యంత్రములు వచ్చుచున్నవి గనుక ఇండ్లు కాలుటకు అవియే కారణమని అనవచ్చునా?

పరిశోధన పద్ధతి

ఈ చిక్కును విడదీయుటకు మార్గమొక్కటే. రోగులను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా రెండు వర్గములుగా విభజింపవలెను. లౌ బృందము చేసినది ఇదియే. వారు రోగులందరిని తీసికొనలేదు. 2000 సంవత్సరములో గ్లాస్గో నగరమునకు చెందిన బ్లాచ్‌ఫోర్డ్, ఆయన సహచరులు ప్రకటించిన లెక్క ఒకటి కలదు. రక్తపు పోటు, నాడి, హెమోగ్లోబిన్, రక్తములోని యూరియా, నల్లని మలము, మూర్ఛ, కాలేయ వ్యాధి, గుండె దౌర్బల్యము – వీటినిబట్టి రోగికి 0 నుండి 23 వరకు గుణములు వేయుదురు. గుణములు పెరిగినకొలది ప్రమాదము పెరుగును. లౌ బృందము 12 గాని అంతకు మించి గాని గుణములు వచ్చిన 516 మందిని మాత్రమే ఎన్నుకొనెను. ఇది మెచ్చదగిన ఎన్నిక. తొందరవలన మేలు కలుగునన్నచో అది ప్రమాదము ఎక్కువగా ఉన్నవారిలోనే కనబడవలెను.

ఆ 516 మందిని 258 మంది చొప్పున రెండు వర్గములు చేసిరి. మొదటి వర్గమునకు జీర్ణకోశ నిపుణుని పిలిచిన 6 గంటలలోపల, రెండవ వర్గమునకు 6 నుండి 24 గంటల మధ్య అంతర్దర్శిని ప్రయోగించిరి. జఠరామ్లమును అణచు మందును నరముగుండా ఎక్కించుట మొదలగు తక్కిన చికిత్స ఉభయులకును జరిగినది. 30 దినములలో ఎందరు మరణించిరి అనునది ముఖ్య కొలత. కొలతగా మరణమునే తీసికొనుట ఈ వ్యాసమునకు రెండవ బలము. ఎన్ని పుండ్లు కాల్చితిమి, ఎన్ని క్లిప్పులు వేసితిమి అని లెక్కించుట సులభము. కాని రోగికి కావలసినది ఆ లెక్క కాదు.

లెక్కలు చెప్పినదేమి?

మొదటి వర్గములో 23 మంది, అనగా నూటికి 8.9 వంతున మరణించిరి. రెండవ వర్గములో 17 మంది, అనగా నూటికి 6.6 వంతున మరణించిరి. మరల రక్తము కారినవారు మొదటి వర్గములో 28 మంది, రెండవ వర్గములో 20 మంది. తొందర మేలు చేసినదను ఊహకు ఇందులో ఆధారమేమియు లేదు.

ఇచ్చటనే పాఠకుడు జాగ్రత్త వహింపవలెను. 23, 17 అను అంకెలను చూచి “తొందర ప్రాణము తీయును” అను నిర్ణయమునకు దుముకుట తగదు. తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేసి ఈ సంగతి గ్రహింపవచ్చును. మొత్తము మరణములు 40. వర్గములు సమానములు గనుక, కాలభేదము ఏ ప్రభావమును చూపనిచో, ప్రతి మరణమును నాణెము ఎగురవేసినట్లు ఈ వర్గములోనో ఆ వర్గములోనో పడవలెను. 40 నాణెములను ఒక్కసారిగా ఎగురవేసినచో సరిగా 20 బొమ్మలు, 20 బొరుసులు పడుట నియమము కాదు. 23 గాని అంతకు మించి గాని బొమ్మలు పడుట సుమారు ఐదు పర్యాయములలో ఒకసారి జరుగును. కావున 23కును 17కును గల భేదము కేవలము యాదృచ్ఛికమై ఉండవచ్చును. వ్యాసకర్తలు గూడ ఈ విషయమును దాచలేదు. నిజమైన భేదము నూటికి 2.3 మరణములు తగ్గుట మొదలు 6.9 మరణములు పెరుగుట వరకు ఎక్కడనైన ఉండవచ్చునని వారు ఇచ్చిన హద్దులు తెలుపుచున్నవి. అనగా తొందరవలన పెద్ద మేలు లేదని ఈ పరిశోధన గట్టిగా చెప్పగలదు. కొద్దిపాటి మేలు గాని, కొద్దిపాటి కీడు గాని లేదని మాత్రము చెప్పజాలదు.

అన్నిటికంటె ఆలోచింపజేయు అంకెలు మరికొన్ని కలవు. పుండ్లు ఉన్న రోగులలో, రక్తము కారుచుండుట గాని అడుగున రక్తనాళము బయటపడియుండుట గాని మొదటి వర్గములో 158 మందిలో 105 మందికి, రెండవ వర్గములో 159 మందిలో 76 మందికి మాత్రమే కనబడినది. అందుచేత అంతర్దర్శినిగుండా చికిత్స పొందినవారు మొదటి వర్గములో 155 మంది, రెండవ వర్గములో 125 మంది. తొందరగా చూచినవారు ప్రమాద చిహ్నములను ఎక్కువగా చూచిరి. 30 మందికి అదనముగా చికిత్స చేసిరి. అయినను మరణములు తగ్గలేదు. ఒక ఆసుపత్రి తన పనిని చికిత్సల సంఖ్యతో కొలుచుకొన్నచో మొదటి పద్ధతియే గొప్పదని చాటుకొనెడిది. వ్యాసములో ఇంతకంటె విలువైన పాఠము లేదు.

భేదము ఏల కలుగలేదు?

దీనికి జవాబు ఆ హాంగ్‌కాంగ్ బృందపు పూర్వ పరిశోధనలలోనే దొరకును. ఆమ్లములో రక్తము సరిగా గడ్డకట్టదు. గడ్డ కట్టినను జీర్ణరసములోని పెప్సిన్ దానిని కరగించివేయును. ఆమ్లమును అణచినచో గడ్డ నిలుచును. 2007లో వారు 638 మంది రోగులలో సగమునకు అంతర్దర్శినికి ముందు ఓమెప్రజోల్ అను ఆమ్లనాశకమును, తక్కిన సగమునకు ఉత్తుత్తి మందును నరముగుండా ఎక్కించిరి. మరునాడు పరీక్షించినప్పుడు చికిత్స అవసరపడినవారు మందు పొందిన వర్గములో నూటికి 19.1 మంది, పొందని వర్గములో 28.4 మంది. కాబట్టి 2020 పరిశోధనలో రెండవ వర్గపు రోగులు ఊరక వేచియుండలేదు. వారు పడకమీద ఉండగా మందు పనిచేయుచునే ఉండెను. మొదటి వర్గములో కాల్చబడిన రక్తనాళములలో కొన్ని, తెల్లవారువరకు ఆగినచో, తమంతట తామే శాంతించి ఉండునవని ఊహించుట అసంగతము కాదు.

రెండవ కారణము మరింత లోతైనది. పుండునుండి రక్తము కారిన 10,428 సందర్భములను హాంగ్‌కాంగ్‌లో పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్క ప్రకారము, మరణించినవారిలో ఐదింట నాలుగు వంతుల మంది రక్తస్రావమువలన గాక ఇతర కారణములచే మరణించిరి. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు ముందే దెబ్బతిన్న వృద్ధులు, క్యాన్సరు రోగులు రక్తము కోల్పోయిన తాకిడిని తట్టుకొనలేకపోయిరి. గండి పూడినను కట్టయే బలహీనమైనప్పుడు చెరువు నిలువదు. అర్ధరాత్రి నీరసించిన రోగికి మత్తుమందిచ్చి గొట్టము దింపుటకు ముందు ఆయనకు రక్తము, ద్రవములు ఎక్కించి, గుండెను, శ్వాసను కుదుటపరచుట గూడ చికిత్సయే. వ్యాసమును ఈ వెలుగులో చదివినప్పుడు దాని ఫలితము వింతగా తోచదు.

వ్యాసమునకు గల హద్దులు

ఇన్ని గుణములున్నను వ్యాసములో విమర్శింపదగిన అంశములు లేకపోలేదు. మొదటిది దాని శీర్షిక. జీర్ణనాళపు పైభాగపు తీవ్ర రక్తస్రావములో అంతర్దర్శినికి తగిన వేళ అను అర్థము వచ్చు ఆ శీర్షిక రోగులందరిని తనలో ఇముడ్చుకొన్నట్లు తోచును. కాని రక్తము, ద్రవములు ఎక్కించినను రక్తపు పోటు కుదుటపడని రోగులను ఈ పరిశోధనలో చేర్చుకొనలేదు. వారికి వెంటనే చికిత్స చేయక తప్పదు. అట్టివారిని చీట్లు వేసి నిలిపియుంచుట అధర్మము. చేర్చుకొనకపోవుట న్యాయమే. అయితే శీర్షికను మాత్రమే చదివి, లోపలి నియమమును చదువనివాడు, చేతులలో చల్లబడుచున్న రోగి విషయములో గూడ “తెల్లవారనిండు” అనవచ్చును. శీర్షికలోనో, దాని ప్రక్కనో “కుదుటపడిన రోగులలో” అను రెండు మాటలు ఉండవలసినది.

రెండవది గడియారము. 6 గంటలు అను లెక్క రోగి ఆసుపత్రికి వచ్చిన వేళనుండి గాక, నిపుణుని పిలిచిన వేళనుండి మొదలైనది. ఆసుపత్రిలో అడుగు పెట్టినది మొదలు అంతర్దర్శిని వరకు పట్టిన కాలము మొదటి వర్గములో సగటున సుమారు 10 గంటలు, రెండవ వర్గములో సుమారు 25 గంటలు. కాబట్టి ఈ పరిశోధన పోల్చినది నిజమునకు 10 గంటలను 25 గంటలతో. రోగి వచ్చిన రెండు మూడు గంటలలోనే చికిత్స చేసినచో ఏమగునో ఇది చెప్పదు. వ్యాసకర్తలు ఈ కాలములను పట్టికలో ఇచ్చిరి. కాని “6 గంటలు” అను మాటయే జనుల నోట నిలిచిపోయినది.

మూడవది రోగుల కూర్పు. 516 మందిలో 317 మందికి పుండ్లు. అన్నవాహిక సిరలు పగిలినవారు పదింట ఒక వంతుకంటె తక్కువ. కాలేయ వ్యాధిగ్రస్తుల సిరల రక్తస్రావము వేరొక స్వభావము కలది. దానికి ఆమ్లనాశకము మందు కాదు. ఆ కొద్దిమందిని బట్టి వారి కొరకు తీర్పు చెప్పుట సాధ్యము కాదు.

నాలుగవది స్థలము. ఇది హాంగ్‌కాంగ్ నగరపు పెద్ద బోధనాసుపత్రిలో జరిగినది. అచ్చట రాత్రింబవళ్ళు నేర్పరులైన వైద్యులు ఉందురు. అట్టిచోటనే అర్ధరాత్రి తొందర మేలు చేయనప్పుడు, నేర్పు తక్కువైనచోట అది మేలు చేయునని ఆశించుట కష్టము. అయితే ఈ తర్కమునకు రెండవ అంచు గూడ కలదు. అచ్చట వేచియున్న రోగి నరములోనికి మందు ఎక్కుచుండెను; నాడిని, రక్తపు పోటును చూచువారుండిరి; పరిస్థితి విషమించినచో వెంటనే గొట్టము దింపుటకు ఏర్పాటు ఉండెను. ఇవేవియు లేనిచోట వేచియుండుటను ఆ పరిశోధనలోని వేచియుండుటతో పోల్చరాదు.

తుది మాట

ఇట్టి ఫలితము వైద్యములో ఒంటరిది కాదు. 2013లో స్పెయినుకు చెందిన విల్యనువేవా, ఆయన సహచరులు ఇదే వ్యాధి గల 921 మందిని పరిశీలించి, హెమోగ్లోబిన్ 9 గ్రాములకు తగ్గగానే రక్తము ఎక్కించుటకంటె 7 గ్రాములకు తగ్గువరకు ఆగుటవలననే ఎక్కువమంది బ్రతికిరని చూపిరి. అందులో గూడ వరదవలె రక్తము పోవుచున్నవారిని చేర్చుకొనలేదు. రెండు పరిశోధనలును ఒకే పాఠమును చెప్పుచున్నవి. మంచి పనిని మరింత త్వరగా, మరింత ఎక్కువగా చేసినచో మరింత మేలు కలుగునను నమ్మకమును గూడ పరీక్షింపవలసినదే; ఆ పరీక్ష యొక్క హద్దులను దాటి దాని ఫలితమును వాడరాదు.

ఆ దృష్టితో చూచినప్పుడు లౌ బృందపు వ్యాసము గొప్ప పరిశోధనయే. తమకు అనుకూలమైన ఊహను నిలబెట్టుటకు గాక పరీక్షించుటకు అంతర్దర్శిని నిపుణులే పూనుకొనుట, అది నిలువనప్పుడు ఉన్నదున్నట్లు ప్రకటించుట శాస్త్రజ్ఞులకు తగిన పని. దానివలన ఆసుపత్రులకు కలిగిన మేలు స్పష్టమైనది. కుదుటపడిన రోగిని అర్ధరాత్రి హడావిడిగా పరీక్షా గదికి తరలింపనక్కరలేదు. మందు ఎక్కించి, ఇతర వ్యాధులను చక్కబరచి, మరునాడు 24 గంటలు దాటకుండ చికిత్స చేయవచ్చును.

ఈ తీర్పు ఆసుపత్రి గుమ్మము దాటి ఇంటికి రాకూడదు. రక్తము కక్కుకొన్నవాడు, తారువలె నల్లని మలము పోవుచున్నవాడు, దానితోపాటు కన్నులు తిరిగి పడిపోవుచున్నవాడు ఒక్క గంటయైనను ఆగక ఆసుపత్రికి చేరవలెను. వ్యాసములోని 24 గంటలు ఆసుపత్రి పడకమీది గంటలు. ఇంటి అరుగుమీది గంటలు కావు. ఉపాధ్యాయులు ఈ పరిశోధనను తరగతిలో చెప్పునప్పుడు నాణెముల లెక్కతోపాటు ఈ ఒక్క మాటను గూడ చెప్పవలెను.